నూనె తగలకూడని చోటు

కాజీపేట,
14 జూలై 2025.

శ్యాంసుందర్ అన్నకు,

చెల్లె రెబెకా వందనాలు. ఇది మా ఇంటి పద్ధతి. మీ ఇంటి పద్ధతిలో స్నేహలత వదినకు నమస్కారాలు, పాపకు ముద్దులు. ఇక్కడ మేమంతా క్షేమమని రాయాలి. మా ఆయన, అదే నీ దోస్తు, విరిగిన ఎముక అతుక్కుంది, అత్తమ్మ బీపీ అదుపులో ఉంది, వానలు కూడా పడుతున్నాయి. ఆ లెక్కన క్షేమమే. కానీ నువ్వు రాని ఇల్లు నాకు క్షేమంగా అనిపించడం లేదు. ఇది మొదటే చెప్పేస్తున్నాను, తర్వాత మర్యాదలు అడ్డం వస్తాయి.

ఫోన్ చేస్తే ఎత్తవు. మెసేజ్ పెడితే చూడవు. అందుకే కాగితం పట్టుకున్నాను. స్కూలు పరీక్షల్లో తప్ప ఉత్తరం రాసినదాన్ని కాదు, తప్పులుంటే నవ్వుకో. నువ్వు నవ్వి చాలా రోజులైందని వదిన చెప్పింది, కాబట్టి తప్పులు ఎక్కువున్నా పర్వాలేదు.

పాపకు జ్వరమొస్తే వదిన హనుమకొండకు, మా దవాఖానకే తీసుకొచ్చింది. నేను డ్యూటీలో ఉన్నాను. పాపకు ఏం ఫికర్ లేదని చెప్పి పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే అంతా చెప్పింది. సైకిల్ షాపులో పని మానేసి, స్టేషన్ ఘన్‌పూర్‌లో మీ బావమరిది ఎరువుల దుకాణంలో కూర్చుంటున్నావట. పాప సైకిల్ చైను ఊడితే కూడా ముట్టలేదట. నా చేతిపని నమ్మి ఇంకెవ్వరు బండెక్కొద్దు అన్నావట. పాపేమో ఆ సైకిల్‌ను వాకిట్లో నెట్టుకుంటూనే ఆడుకుంటోందట. అది విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

ఫిబ్రవరిలో జరిగింది నీకు తెలుసు. అయినా మొదటి నుంచి రాస్తాను. అందులో నీకు తెలియని ముక్క ఒకటుంది, దాన్ని దాని చోటులోనే పెట్టి చెప్పాలి.

మోకాలి ఆపరేషన్ తర్వాత నీ దోస్తు గుట్టలు ఎక్కడం మానేశాడు. స్కూల్లో ఉన్నప్పటి నుంచి కిరాయి సైకిళ్ల మీద మడికొండ దాటి గుట్టలన్నీ తిరిగినవాళ్లు మీరు. పొద్దంతా రైల్వే టికెట్ కౌంటర్‌లో కూర్చుని, సాయంత్రం వరండాలో కూర్చుని, మనిషి లోపల్లోపల ఎండిపోతుంటే చూడలేక నువ్వే ఆ బండి సంగతి తెచ్చావు. గుట్టలెక్కే కరెంటు సైకిల్. మోటారు కాలికి జర ఆసరా ఉంటది, తొక్కుడు మాత్రం నువ్వే తొక్కాలె అని నచ్చజెప్పావు. బండి వచ్చిన రోజు ఆయన ముఖంలో ఉన్న వెలుగు నేను పెళ్లిలో కూడా చూడలేదు. కొంచెం కుళ్లుకున్నాను కూడా.

వరండాలో డబ్బా విప్పావు. హ్యాండిల్ పక్కకు తిప్పి కట్టి ఉంటే, గింత పెద్ద డబ్బల వంకర బండి పంపిండ్రేంది అని అత్తమ్మ బాధపడింది. నేను పానా పట్టుకుని పెడల్ బిగించబోతే, ఎడమది ఉల్టా తిరుగుతది చెల్లె అని నవ్వి నా చేతిలోంచి లాక్కున్నావు. బ్యాటరీ ఎండలో వేడెక్కి వస్తే చల్లారినాకే చార్జింగు పెట్టమన్నావు. బురద పట్టినప్పుడు పైపుతో నీళ్లు కొట్టకుండా తడిగుడ్డతో తుడవాలన్నావు. చైనుకు చుక్క చుక్కగా నూనె వేసి, పైన మిగిలింది తుడిచెయ్యాలన్నావు. ఇక చక్రాల మధ్యలో మెరిసే ఆ పలుచటి పళ్లెం, బ్రేకు పట్టుకునే డిస్కు, దాని దగ్గరికి వచ్చేసరికి నీ గొంతే మారింది. గీడ ఏలు గూడ పెట్టొద్దు, చేతి జిడ్డు తగిలినా బ్రేకు జారుతది అన్నావు. అత్తమ్మ అప్పుడు లోపల నీకోసం సర్వపిండి తడుతోంది. ఆ మాట ఆమె వినలేదు.

కొత్త బ్రేకు మొదట్లో సరిగ్గా పట్టదు, మెల్లగా నొక్కుతూ కొంత తిప్పితే కుదురుకుంటుంది అని మన వీధంతా నువ్వే తొక్కి తెచ్చావు. ఇగ గుట్టకు పోవచ్చు అన్నావు. ఆ మాటే కదా అన్నా నిన్ను ఇప్పటికీ తింటున్నది?

మర్నాడు ఆదివారం. చర్చిలో ఆరాధన అయ్యాక ఒక్కడే గుట్టకు వెళ్లాడు. ఎక్కడం సుఖంగా ఎక్కాడు. దిగేటప్పుడు బ్రేకులు పట్టలేదు. రాళ్ల మీద పడి మెడకింది ఎముక, మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. దవాఖానకు నాకంటే ముందే నువ్వు ఉరికొచ్చావు. అక్కడ మా భానుచందర్ మామ, అత్తమ్మ తమ్ముడు, సంఘ పెద్ద, నోటికి హద్దు లేని మనిషి, అందరి ముందు గొంతెత్తాడు. బిరేకులు బిగించినోడెవడు, పానం తీద్దామనుకున్నడా అన్నాడు. నువ్వు మాత్రం నీ దోస్తు వైపు చూశావు. అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మందు మత్తులో ఉన్నాడనుకున్నాను. నువ్వు మెట్లు దిగి వెళ్లిపోయావు. మళ్లీ మా గడప తొక్కలేదు.

బండిని మాత్రం నేను పాడుబెట్టలేదు. నువ్వు నేర్పినట్టే అప్పుడప్పుడు బ్యాటరీ చార్జి చేశాను, టైర్లకు గాలి కొట్టాను. నర్సమ్మ సైకిల్‌కు గూడ సెలైన్ పెడతాంది అని పక్క క్వార్టర్ వరలక్ష్మి ఎగతాళి చేసింది. డిస్కు జోలికి మాత్రం పోలేదు. వేలు కూడా పెట్టొద్దన్నావు కదా, దూరం నుంచే దుమ్ము ఊదాను.

మొన్న డాక్టర్ సైకిల్ తొక్కొచ్చన్నాడు. ముందు చదును రోడ్డు మీద నాలుగు రోజులు తొక్కుతానన్నాడు నీ దోస్తు. నిన్న పొద్దున బండి బయట పెట్టి గాలి చూస్తున్నాను. అత్తమ్మ ప్రార్థన నూనె సీసాతో వచ్చింది.

మా సువార్తమ్మ గారి సంగతి నీకు తెలుసు. మీ ఇళ్లల్లో కొత్త బండి చక్రం కింద నిమ్మకాయ పెడతారు. ఈమె ప్రార్థన చేసి నూనె రాస్తుంది. రాయనిదే ఏ వస్తువూ వాడనివ్వదు. ఫ్రిజ్జుకు రాసింది, మిక్సీకి రాసింది, నా కుట్టుమిషనుకు రాస్తే మొదట కుట్టిన జాకెట్టుకు మరక పడింది. నవ్వుకుంటూనే చూస్తున్నాను. హ్యాండిల్‌కు రాసింది, సీటుకు రాసింది. తర్వాత ఆ నొప్పి మోకాళ్ల మీదే కూలబడి, అరచేతిలో నూనె పోసుకుని, చంటిపిల్ల మాడుకు పెట్టినట్టు డిస్కుకు రెండు వైపులా రుద్దింది. ముందుది అయ్యాక వెనకది.

అక్కడెందుకు అత్తమ్మా అని అడిగాను. చక్రం తిరిగేది గీడనే గద బిడ్డా, కాపుదల గీడనే గావాలె అన్నది. ఆ తర్వాత అన్న మాటకు నా చేతిలో పంపు జారి కిందపడింది. పోయినసారి గూడ, నువ్వు సండేస్కూలుకు పోయినంక, గిట్లనే మంచిగ రాసిన, గందుకే నా కొడుకు పానంతోని బయటపడ్డడు అన్నది.

అన్నా, కొడుకును ఆ నూనే కాపాడిందని ఆమె ఇన్ని నెలలుగా దేవునికి కృతజ్ఞతలు చెల్లిస్తోంది.

నేను నమ్మలేక, బండిని వీధి చివర వాలు దగ్గరికి నెట్టుకెళ్లాను. ఎక్కలేదు, పక్కన నడుస్తూ రెండు బ్రేకులూ గట్టిగా నొక్కాను. కీచుమని అరిచింది కానీ ఆగలేదు, నన్నే లాక్కుపోయింది. ఇంటికొచ్చి గాలి దిగిపోతోంది, ఇవాళ వద్దు అని నీ దోస్తుకు అబద్ధం చెప్పాను.

కాబట్టి విను. నువ్వు బిగించింది సరిగ్గానే ఉంది. నీ చేతిలో ఏ తప్పూ లేదు. కొత్త బ్రేకు కుదురుకోకముందే ఇచ్చానని నిన్ను నువ్వు తిట్టుకోవడం ఇవాళ్టితో ఆపు. ఇంత పెద్ద ఉత్తరం ఈ ముక్క కోసమే రాశాను.

స్పిరిట్ తెచ్చి డిస్కులు తుడిచాను. కానీ నూనె తాగిన బ్రేకు ప్యాడ్లు తుడిస్తే బాగుపడవు, మార్చాల్సిందే అని అప్పుడు నువ్వే చెప్పావు. కొత్తవి తెప్పించి పెట్టాను. ఆ బండి మీద ఇంకొకరిని చెయ్యి వెయ్యనివ్వను. నువ్వే వచ్చి మార్చాలి.

ఇంకొకటి. రోజూ రోగుల ఇంటివాళ్లకు చెడ్డ కబురు చెప్పే పని నాది. అయినా అత్తమ్మకు ఇది చెప్పలేకపోయాను. చెబితే ఆమె ఇక ఏ మొహంతో ప్రార్థన చేస్తుంది? చెప్పకపోతే భానుచందర్ మామ నోట్లో నీ పేరు అలాగే నానుతుంది. నాకు ఏదీ తోచడం లేదు. నువ్వు మా ఇంటి మనిషివని నిన్నే అడుగుతున్నాను.

ఎప్పటికీ నీ చెల్లె,
రెబెకా.

తా.క. సంతకం పెట్టాక నీ దోస్తు డ్యూటీ నుంచి వచ్చాడు. దాచడం నా వల్ల కాదు, చదవమని ఇచ్చాను. పాప సైకిల్ సంగతి దగ్గర ఆగిపోయాడు. మిగతాది కూడా చదివి, నూనె సంగతి నాకు ఎరుకనే అన్నాడు.

పడ్డప్పుడే తెలిసిందట. లేవలేక చక్రం మీద చెయ్యి ఆనిస్తే వేళ్లకు నూనె అంటిందట. ఆ రోజు అమ్మ బండి దగ్గర సీసా పట్టుకుని ఉండటం చూసే గుట్టకు బయలుదేరాడట. దవాఖానలో మామ అరిచినప్పుడు మత్తులో లేడన్నా. అన్నీ విన్నాడు. అమ్మ పక్కనే నిలబడ్డది, నేను నోరు తెరిస్తే గక్కడనే కూలిపోతుండె, శ్యాంగాడైతే రెండ్రోజులు అలిగి మళ్ల వస్తడు, అప్పుడు వానికి మెల్లగ చెప్త అనుకున్న, వాడు రాలే, రోజులు గడిచిన కొద్దీ నాకు మొఖం చెల్లలే అన్నాడు. అమ్మను కాపాడుకోవడానికి నిన్ను వదిలేశాడు. నాకు వచ్చిన కోపానికి అన్నం పెట్టలేదు. చిన్నపిల్లాడిలా ఏడుస్తుంటే తర్వాత పెట్టాను.

క్షమించమన్నానని రాయి అన్నాడు. నేను రాయనన్నాను. అత్తమ్మకు చెప్పాలా వద్దా అనేది ఇక నువ్వే తేల్చు, మాట పడింది నువ్వు. చెప్పమంటే తానే చెబుతాడట.

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు. రేపు పొద్దున రైలుకు నీ దోస్తు చేతికే ఇచ్చి పంపుతున్నాను. నువ్వు చివరిదాకా చదివేంత వరకు నోరు విప్పొద్దని చెప్పాను. చదవడం అయింది కదా అన్నా, తలెత్తి చూడు. నీ ఎదురుగానే నిలబడి ఉన్నాడు.