కోతి కణాల్లో గెలిచిన మందు

తార్నాక,
మంగళవారం.

ప్రియమైన అమ్మకు,

ప్రభువు పేరిట వందనాలు. నేను బాగానే ఉన్నాను, వేళకు తింటున్నాను. నువ్వూ నాన్నా ఆరోగ్యంగా ఉండాలని రోజూ ప్రార్థిస్తున్నాను. ఫోన్లో అయితే నన్ను మాట పూర్తి చేయనివ్వవని ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. రొయ్యల పొడి అందింది. నాతో పాటు ల్యాబ్‌లో పనిచేస్తూ ఇదే రూములో ఉంటున్న వనజ సగం తినేసింది. ఆదివారం చర్చికి వెళ్తున్నాను. నా గైడ్ రత్నకుమార్ సార్ అక్కడ కనిపిస్తున్నారు కానీ మా మధ్య మాటల్లేవు. మా మందు మీ వార్డుకు ఎప్పుడొస్తుందని అడిగావు. రాదు. రాకూడదు. నర్సువి కాబట్టి నీకు అర్థమవుతుంది, విను.

ఈ ఊపిరితిత్తుల వైరస్ తన పైనుండే ముల్లులాంటి ప్రోటీన్‌తో కణాన్ని పట్టుకున్నాక, ఆ ముల్లును కణంలోని ఎంజైమ్ ఒకటి కత్తిరించాలి. అప్పుడే వైరస్ పొర, కణం పొర కలిసి దారి తెరుచుకుంటుంది. మనిషి ఊపిరితిత్తుల్లో ఆ ఎంజైమ్ కణం పైనే ఉంటుంది. మేము వాడే కోతి మూత్రపిండాల కణాల్లో అది లేదు. అక్కడ కణం వైరస్‌ను ఒక సంచిలో మింగుతుంది, సంచిలో ఆమ్లం పెరిగాక వేరే ఎంజైమ్ ముల్లును కోస్తుంది. మా మందు ఆపేది ఆ ఆమ్లాన్ని. అంటే పెరటి తలుపుకు గడియ పెట్టి మురిసిపోయాం. మనుషుల్లో వైరస్ వీధి తలుపులోంచే వెళ్తోంది.

కోతి కణాలు సులువుగా పెరుగుతాయని ఏళ్ల తరబడి వాటిలోనే వైరస్‌ను పెంచాం. తన నకళ్లు తీసుకునేటప్పుడు అది తప్పులు చేస్తుంది. ఆ కణాలకు సరిపడ్డ తప్పులే మిగిలాయి. చివరికి మా దగ్గరున్నది రోగుల్లో ఉన్న వైరస్ కానే కాదు. రోగుల నుంచి కొత్త నమూనా తెచ్చి మనిషి ఊపిరితిత్తుల కణాల్లో పరీక్షిస్తే, మందు వేసినా వేయకపోయినా ఒకటే. నా చేతిలోనే ఏదో తప్పు జరిగిందనుకున్నాను. వనజ మాత్రం, "తప్పు మనదైతే మనకే తెలుస్తది, మళ్లా చేద్దాం పా" అంది. చేశాం. మళ్లీ అదే వచ్చింది. సార్ ఆ ఫలితం పక్కన పెట్టమన్నారు.

ఇంతసేపూ చెప్పకుండా దాచింది ఇదే. మందును రోగులకిచ్చి చూడ్డానికి అనుమతి ఇచ్చే కమిటీ మా క్యాంపస్‌కు వచ్చింది. వాళ్ల ముందే లేచి అంతా చెప్పేశాను. తర్వాత సార్ నన్ను గదిలోకి పిలిచి, "నా సర్వీసంతా ఈ మందేనమ్మా" అన్నారు.

"ఊపిరాడనివాళ్లు మీ సర్వీసు చూసి బతకరు సార్" అన్నాను.

క్షమాపణ రాసిస్తేనే నా థీసిస్‌పై సంతకం పెడతారట. నేను రాయను. క్యాంపస్‌లో అందరూ పొగరుబోతంటున్నారు, అననీ.

నువ్వు సార్‌కు ఫోన్ చేస్తావని తెలుసు. చెయ్యి, కానీ బతిమాలొద్దు. మా అమ్మాయి చెప్పింది అబద్ధమా అని ఒక్కటే అడుగు. అవునని ఆయన నోటితో అంటే, ఆ రోజే క్షమాపణ రాసిస్తాను.

ఇట్లు,
నీ మొండి కూతురు,
ప్రిస్కిల్లా