కెమెరా పాడవలేదు, అత్తయ్యా

అత్తయ్యా,

ఈ ఉత్తరం మీ అబ్బాయికి చూపించకండి.

ఎవరైనా వాడగలిగేలా మా ఆఫీసులో ఒకే బటన్‌తో చేస్తున్న కెమెరాని వాడి చూడమని మీకిచ్చాను. "ఎంత నొక్కినా ఫోటో పడి చావడం లేదు" అని తిట్టి పంపేశారు. తీరా తెరిచి చూస్తే కార్డు నిండా మీ గులాబీ మొక్కే!

ఫోటో పడగానే అది టిక్కుమంటుంది. ఆ చప్పుడు మా అందరికీ వినిపిస్తోంది, అత్తయ్యా. అప్పట్నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. డిజైన్ మార్చాలంటే రేపే ఆఖరు. పోట్లాడైనా సరే, బటన్ పక్కన లైటు పెట్టిస్తాను. అది వెలిగితే ఫోటో పడ్డట్టే.

చెవులు మాత్రం నా చేతిలో లేవు. శనివారం డాక్టరు దగ్గరికి వెళ్దాం.

ఈ మాట ఫోన్‌లో చెప్పొచ్చుగా అంటారేమో. ఫోన్‌లో నేనేం చెప్పినా మీరు "సరేనమ్మా" అంటారు. ఈసారి చదివి అనండి.

మీ కోడలు