గంజి వదిలిన చీర

అమ్మా,

ఇవాళ బాపట్ల ల్యాబులో బల్బు వెలిగింది. కరెంటు దాచుకునే గుడ్డ తయారుచేస్తున్నానంటే, రేపల్లె ఆసుపత్రి మంచం మీదనుంచే "ఉతికితే పోదా మరి?" అని అడిగావు.

నువ్వు పోయాక నీ తెల్లచీర కొంగు కొంత కత్తిరించి, కరెంటుని పట్టి ఉంచే కార్బన్ నానో సిరా పూశాను. మడిచినప్పుడల్లా సిరా పెచ్చులుగా రాలిపోయేది.

"ఇదేంటక్కా, ఇంత గంజి పెట్టిన గుడ్డ సిరాని ఎలా పీలుస్తుంది?" అని నాతో పనిచేసే తెనాలి అమ్మాయి నవ్వింది.

చర్చికి కట్టే చీర ఫెళఫెళలాడాలి కదా నీకు! నువ్వు చివరిసారి పెట్టిన ఆ గంజిని వేణ్ణీళ్లలో వదిలించాను. ఈసారి సిరా నూలులోకి ఇంకింది. గుడ్డని చుట్టినా, మడిచినా బల్బు ఆరలేదు. హమ్మయ్య అనుకుని కుర్చీలో కూలబడ్డాను.

బకెట్లో ఆ గంజినీళ్లు మాత్రం ఇంకా పారబోయలేదమ్మా.