ఆమెన్‌కి తొందర

చెల్లెమ్మా,

ప్రభువు కృపవల్ల ఒంట్లో బాగానే ఉంది, మనసే అయోమయంగా ఉంది. చిన్నవాళ్లు పెద్దలకు నేర్పాలని మా సంఘం తీర్మానించి, నేను బాప్తిస్మమిచ్చిన అమ్మాయినే నాకు గురువుగా పెట్టింది. గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించినట్టుంది.

"అయ్యగారూ, ఎవరైనా కష్టం చెప్పుకోబోతే మీరు సగంలోనే 'ప్రార్థన చేద్దాం' అని కళ్లు మూసుకుంటారు. మీరు ఆమెన్ అనేసరికి వాళ్లు మిగతాది మింగేసి వెళ్లిపోతారు" అంది.

పాస్టరు ప్రార్థన చేయడం తప్పెలా అవుతుంది? కసురుకున్నాను. కానీ అప్పట్నుంచీ నువ్వే గుర్తొస్తున్నావు.

పోయిన ఏడాది నువ్వు మా వరండాలో కూర్చుని, "అన్నయ్యా, మా ఆయన..." అన్నావు. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి చెప్పులు వేసుకుంటున్నావు.

తప్పు ఆ పిల్లదో నాదో నువ్వే చెప్పాలి.

"మా ఆయన" తర్వాత ఏమిటమ్మా?

నీ అన్నయ్య