యార్క్‌లో శనివారం

మిల్టన్ కీన్స్,
జనవరి 2004, శనివారం

చెల్లీ సుగుణా,

నా బంగారు తల్లీ, బాగున్నావా? నా రాత కోడిగీతలు, కూడబలుక్కుని చదువుకో.

మన వసుధ పోయి ఏడాదైంది, ఇవాళే తిథి. నువ్విచ్చిన పంచాంగంలో చూసుకుని నెల నుంచీ ఈ రోజు కోసమే కూర్చున్నా. పొద్దున్నే తల మీద నీళ్ళు పోసుకుని వచ్చేసరికి అల్లుడుగారు కారు అద్దం మీద మంచు గీకుతున్నారు. "అత్తయ్యా, యార్క్ పోయొద్దాం, చాలా పాత ఊరు, చూడాల్సిందే" అన్నారు. భార్య పోయిన రోజున షికారు! ఆయనకే తెలియాలి గదా అని నేను నోరెత్తలేదు.

మూడు గంటలు కార్లో. రాతి గోడ ఎక్కించారు, ఇరుకు సందులన్నీ తిప్పారు. చలికి చెవులు ఊడిపోయాయనుకో. కొండంత చర్చి ముందు నిలబెట్టి "నవ్వండత్తయ్యా" అని ఫోటో. నవ్వొస్తుందా నాకు? మనవరాలు ఇందు "అమ్మమ్మ ఈజ్ యాంగ్రీ, డాడీ" అంది. ఆ మాత్రం నాకూ అర్థమవుతుంది.

హోటల్లో "పొద్దుట్నుంచీ ఏం తినలేదు, బీపీ మాత్ర వేసుకోవాలి" అని కేకు ముక్క నోటి దాకా తెచ్చారు. తోసేశా. ప్లేటుతో సహా కిందపడింది. అందరూ చూశారు.

రేపు చెప్పేస్తా, టికెట్ ముందుకు జరపమని. మళ్ళీ ఈ దేశం గడప తొక్కను.

నీ అక్క,
జయలక్ష్మి

ఆదివారం

సుగుణమ్మా,

నిన్నటిది ఇంకా అంటించలేదు, ఇదీ అందులోనే పెడుతున్నా.

టిఫిను దగ్గర టికెట్ మాటెత్తా. ఎందుకన్నారు. కడుపులోదంతా కక్కేశా. పెళ్ళాం తిథి మర్చిపోయిన మనిషివని ఏకవచనంలో అనేశా కూడా. ఆయన తెల్లబోయి "తిథి మొన్న శుక్రవారమేగా అత్తయ్యా" అన్నారు.

మన పంచాంగం మన ఊరి పొద్దుకి వేసిందట. ఇక్కడి లెక్కకి ఒకరోజు ముందే వచ్చిందని గుడి పంతులుగారు చెప్పారట. ఆఫీసని చెప్పి గుడికెళ్ళి, స్వయంపాకం ఇచ్చి, పస్తుండి వచ్చారు. చెబితే నేను మంచం పడతానని దాచారట. మర్నాడు నా మనసు మళ్ళించడానికి ఆ యార్క్.

"మీరైనా ఒక్క మాట అనొచ్చుగా!" అన్నా నేను.

"మీరు అనొచ్చుగా!"

ఇద్దరం అరుచుకున్నాం. ఆ పైన ఆయన ఏడ్చారు. ఈ ఏడాదిలో ఆయన ఏడవగా నేను చూడలేదు.

అయినా నా కోపం తగ్గలేదు సుగుణా. నా కూతురి పేరున బియ్యం, పప్పు సంచిలో పోసి ఇచ్చి రావడమేంటి? గారెలు, పరమాన్నం నా చేత్తో వండాలి దానికి. అదే అరిచా: "వచ్చే ఏడు వంట నాది. శుక్రవారమో శనివారమో ముందు నాకు చెప్పండి."

అన్నాక గానీ తెలియలేదు, మళ్ళీ వస్తానని ఒప్పేసుకున్నానని.

నీ అక్క,
జయ