ఐదున్నర ప్రార్థన

వదినగారికి ప్రభువు పేరట వందనాలు.

ఎడమచేత్తో రాస్తున్నాను, వంకర అక్షరాలకు ఏమనుకోకండి.

మీ తమ్ముడికి మీరిచ్చిన టైంటేబుల్ గోడమీదే ఉంది. ఐదున్నరకు ప్రార్థన, ఎనిమిదికి ఉద్యోగం, సాయంత్రం కుటుంబం. కోపానికి టైం రాయలేదు కాబట్టి అది ఎప్పుడు పడితే అప్పుడు వస్తోంది.

నిన్న ప్రార్థన మధ్యలో నా చేతిలోంచి గిన్నె జారింది. మీ తమ్ముడు లేచి వచ్చి, నా కుడిచెయ్యి తలుపు సందులో పెట్టి మూశారు. రెండు వేళ్లు విరిగాయి. ఆయన వెళ్లి మోకరించి, ఆపినచోటినుంచే ప్రార్థన అందుకున్నారు.

ఈ ఉదయం ఆయన కళ్లు మూసుకుని ఉండగా, వేడి ఇస్త్రీపెట్టె ఎత్తి వెనక నిలబడ్డాను. పక్కనే మోకరించిన పాప కళ్లు తెరిచి నన్ను చూసింది. మళ్లీ గట్టిగా మూసుకుంది.

దాన్ని పక్కకు దించే బలం ప్రభువే ఇచ్చాడు. రేపు కూడా ఇమ్మని అడగబుద్ధి కావడం లేదు. ఐదున్నరలోపే వచ్చి మమ్మల్ని తీసుకెళ్లండి.

మీ మరదలు