మూడో నెల కార్డు

మార్చి 19
మళ్లీ డ్యూటీలో చేరాను. మా ఆవిడ పోయి ఎనిమిది రోజులు. ఇంకొన్నాళ్లు ఇంట్లోనే ఉండమన్నారు అందరూ. ఇంట్లో ఉండి ఏం చెయ్యను? అయినవాళ్లని పోగొట్టుకున్నవాళ్లకి ధైర్యం చెప్పడం ఇరవై రెండేళ్లుగా నా పని. చర్చి పక్క గది, రెండు కుర్చీలు, ఒక టిష్యూ డబ్బా. ఇవాళ అవతలి కుర్చీలో మెకానిక్. తమ్ముడు పోయాడు. గంటసేపు విన్నాను. వినడం ఇంకా వచ్చు.

ఏప్రిల్ 2
ప్రార్థన రాలేదు. వచ్చినట్టు కళ్లు మూసుకున్నాను.

మే 27
మెకానిక్‌కి ఇప్పుడు నిద్ర పడుతోందట. ఇక రానన్నాడు. మీ మాటలే నన్ను నిలబెట్టాయి అయ్యగారూ అని చేతులు పట్టుకున్నాడు. ఏం మాటలో అడిగి రాసుకుందామనిపించింది. సిగ్గేసి ఊరుకున్నాను.

ఊరందరి కన్నీళ్లూ తుడుస్తారు, ఇంట్లో బల్ల మీద దుమ్ము మాత్రం తుడవరు అనేది మా ఆవిడ. ఇప్పుడా బల్ల మీద వేలితో పేరు రాయొచ్చు.

జూన్ 11
చర్చి ఆఫీసు అమ్మాయి కార్డులు తెచ్చింది. చావు జరిగిన ప్రతి ఇంటికీ ఒకటి. మూడు నెలలు నిండగానే మేమే ఫోన్ చేసి అడగాలి. తింటున్నారా, నిద్ర పడుతోందా, ఎవరితోనైనా మాట్లాడుతున్నారా. మూడు రోజులు వరసగా చేసినా ఎత్తకపోతే ఎవరో ఒకరు ఇంటికెళ్లి చూసి రావాలి. ఈ రూలు పెట్టింది నేనే. దుఃఖంలో ఉన్నవాడు తనంతట తాను సాయం అడగడని మీటింగులో పెద్ద లెక్చరిచ్చాను.

నాలుగో కార్డు మీద మా ఆవిడ పేరు. ఫోన్ చేయాల్సింది: భర్తకి. కింద మా ఇంటి ల్యాండ్‌లైన్ నంబరు.

ఆ పిల్ల కొత్తగా చేరింది. రిజిస్టరు చూసి టైపు కొట్టేసింది. సంగతి తెలిశాక పరుగెత్తుకొచ్చి తీసేస్తానంది, ఏడ్చినంత పని చేసింది. ఉండనీ అమ్మా, రూలు అందరికీ ఒకటే అన్నాను. జోకనుకుని నవ్వబోయి ఆగిపోయింది.

జూన్ 12, ఉదయం 11
మొదటి మూడిళ్లవాళ్లూ బాగానే ఉన్నామన్నారు. ఆ మాట నమ్మొద్దని ఫోన్లు చేసే కొత్తవాళ్లకి నేర్పేది నేనే. తర్వాత నాలుగో నంబరు నొక్కాను. ఆమె ఉన్నప్పుడు రెండో రింగుకే తడి చేత్తో ఎత్తేసేది. పదహారు రింగులు లెక్కపెట్టాను. ఎత్తలేదు అని కార్డు మీద రాశాను.

జూన్ 13
ఎత్తలేదు.

జూన్ 14, మధ్యాహ్నం 3
మూడోసారి. ఎత్తలేదు.

నాకు బతకాలని లేదు. ఈ మాట అవతలి కుర్చీలోంచి వినబడితే ఏం చెయ్యాలో నాకు తెలుసు. ఆ మనిషిని ఒంటరిగా ఇంటికి పంపకూడదు. కానీ నేనెవరితో అనను? ఈ ఊళ్లో ఇవతలి కుర్చీలో కూర్చునేవాణ్ణి నేనొక్కణ్ణే.

జూన్ 14, సాయంత్రం 5.30
రూలు ప్రకారం ఇంటికి వచ్చాను. బెల్ కొట్టాను. తాళంచెవి జేబులోనే ఉంది. ఎవరూ తియ్యలేదు. మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. ఇంకోసారి కొట్టి చూస్తాను.